దేవుడి గదికి మూడు పూతలు

తొంభైలో మే నెల తుఫాను దివిసీమను చితక్కొట్టి వెళ్ళిపోయాక, అవనిగడ్డలో ఎవరింట్లో వాళ్ళు ముందు పైకప్పు చూసుకున్నారు, తర్వాత గోడలు చూసుకున్నారు. గుమాస్తాగా పనిచేసి రిటైరైన కృష్ణమూర్తిగారు మాత్రం ముందు దేవుడి గది చూసుకున్నారు. చూసి ముక్కు మూసుకున్నారు.

నిజానికి ఆ గదికేమీ కాలేదు. ఇంటి వెనక భాగంలో ఉన్న వంటిల్లూ, దేవుడి గదీ తర్వాత కట్టినవి. పైన స్లాబు, కింద ఎత్తయిన అరుగు. చీలమండ లోతు నీళ్ళు వచ్చి పోయిన చార తప్ప ఏ దెబ్బా లేదు. పాడైందంతా ముందు భాగం. పెంకులు ఎగిరిపోయాయి, గోడలు నానిపోయాయి, గచ్చంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపడి ఉంది. కృష్ణమూర్తిగారు ఆ పెచ్చుల మీదుగా చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి, ఆ గోడల వైపు కనీసం తలైనా తిప్పకుండా, భార్యను అడిగిన మొదటి మాట ఇది.

“దేవుడి గదిలోకి ఎవరెవరు వచ్చారు?”

నువ్వెలా ఉన్నావని అడగలేదు. చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడే ఉంది కాబట్టి, బతికే ఉందని ఆయనకి అర్థమై ఉంటుంది.

ఆవిడ పేరు ఉమామహేశ్వరి. పామిడిముక్కల దగ్గర ఒక బడిపంతులుగారి కూతురు. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ మడి కట్టుకుని వండటం, ఆయన తిని లేచిన విస్తట్లో తినడం, ఆయన ఏమన్నా తల ఊపడం, ఇదీ ఆవిడ కాపురం. పిల్లలు లేరు. పెరట్లో ఆవును అదిలించేటప్పుడు తప్ప ఆవిడ గొంతు ఎలా ఉంటుందో వీధిలో ఎవరికీ తెలియదు. కృష్ణమూర్తిగారు నలుగురిలో కూర్చున్నప్పుడు, మా ఇంట్లో ఆడవాళ్ళకి నోరు లేదండీ అని చెప్పుకునేవారు. తను కష్టపడి పెంచిన పూలమొక్క గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు.

తుఫాను రోజున ఆయన ఊళ్ళో లేరు. ఉయ్యూరులో పెదనాన్న మనవడి ఒడుగుకి వెళ్ళారు. ఒడుగు అయిపోయింది. కానీ ఒడుగు తర్వాత పేకాట ఉంటుంది, దాన్ని వదిలి రావడం ఆయన వల్ల కాదు. రేడియో పొద్దుటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. రేడియో వాళ్ళకి పనేమిటి, ఏటా అరుస్తారు అని ఆయన ముక్కలు పంచుతూ అన్నారట. ఇల్లు గట్టిది, ఇంట్లో మనిషి ఉంది, ఇంకేం భయం. ఆ మనిషి ఒంటరిగా ఉందన్న సంగతి ఆటలో గుర్తు రాలేదు.

దీపాలు పెట్టే వేళకి గాలి ఎత్తుకుంది. ముందు గది పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ఉమామహేశ్వరి వెనక గదుల్లోకి పారిపోయింది. కాసేపటికి పెరటి తలుపు ఎవరో బాదారు. ఎవరని అడిగితే వినబడే గాలి కాదు. తలుపు అవతల చంటిపిల్ల గుక్క పట్టిన ఏడుపు ఒక్కటే వినబడింది. ఆవిడ గడియ తీసింది.

వచ్చినవాడు ఏసుపాదం. మురుగుకాలవ అవతల పేటలో ఉంటాడు, ఊళ్ళో ఇళ్ళకి సున్నాలు వేస్తాడు. ఈ ఇంటికి కూడా ఏటా బయటి గోడలకి అతనే వేసేవాడు. బయటి గోడలకే. వెంట భార్య సంతోషమ్మ, చంకలో పిల్ల, ముసలి తల్లి, ఆ వెనక పేటలో ఇంకొందరు. కాలవ పొంగి పాకలన్నీ కొట్టుకుపోతే నడుం లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ నడిచి వచ్చారు. అందరూ వంటింట్లోనూ దేవుడి గదిలోనూ సర్దుకున్నారు. ఇంటి లోపల నెత్తిన కప్పు మిగిలిన చోటు ఆ రెండే మరి. వరండాకి సగం పెంకులు మిగిలినా, ఆ గాలివానకి అక్కడ మనిషి నిలబడలేడు. నీళ్ళు గదిలోకి వస్తుంటే సంతోషమ్మ దేవుడి పటాలన్నీ తీసి అటక మీదికి అందించింది. ఉమామహేశ్వరి మడి కోసం దండెం మీద వేసుకున్న పొడి చీర లాగి పిల్లను తుడిచింది. తెల్లారేసరికి ఆవిడకి చలికి వేళ్ళు కొంకర్లు పోయి అగ్గిపుల్ల గీయడం కూడా చేతకాలేదు. సంతోషమ్మే స్టవ్వు వెలిగించి, తడిసిన బియ్యంతో ఇంత జావ కాచి అందరికీ గ్లాసుల్లో పోసింది. ఆవిడకీ పోసింది. ఆవిడ తాగింది. అంత రుచిగా ఎప్పుడూ ఏమీ తినలేదని ఆ వేళ అనిపించింది. ఆకలి వల్ల అయి ఉంటుందిలే అని తర్వాత సర్దిచెప్పుకుంది.

మళ్ళీ బస్సులు తిరిగాక కృష్ణమూర్తిగారు పంచె నలగకుండా, ఒడుగులో మిగిలిన అరిసెల డబ్బా చంకన పెట్టుకుని దిగారు. దిగి ఆ ప్రశ్న అడిగారు. ఆవిడ జరిగింది చెప్పింది, జావ తాగిన సంగతి ఒక్కటి దాచి. ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఊరంతా పోయినవాళ్ళని వెతుక్కుంటుంటే ఈయన తల పట్టుకున్నది దేవుడి గది మైలపడిందని.

“ఎవరికైనా చెప్పావా?” అన్నారు చివరికి.

“లేదు.”

“చెప్పకు. వచ్చారు, వరండాలో ఉన్నారు, పొద్దున్నే వెళ్ళారు. అంతే. తెలిసిందా?”

ఆవిడ తల ఊపింది. ఇక్కడ ఆవిడను కూడా ఒక మాట అనక తప్పదు. అంత గాలిలో గడియ తీసిన చెయ్యి ఉన్న మనిషికి, ఇంత చిన్న మాటకి కాదనడానికి నోరు రాలేదు. తల ఊపడం ఎంత సుఖమో ఊపి ఊపి అలవాటైన వాళ్ళకే తెలుస్తుంది.

వరండా కథ కృష్ణమూర్తిగారి నోట్లో రోజురోజుకీ పెరిగింది. మొదట వాళ్ళు వరండాలో తలదాచుకున్నారు. తర్వాత, ఉయ్యూరు వెళ్ళే ముందే ఈయన భార్యకి చెప్పి వెళ్ళారు, ఎవరైనా దిక్కులేని వాళ్ళు వస్తే వరండాలో చోటివ్వమని. ఆ తర్వాత, మానవత్వం మానవత్వమే, ఆచారం ఆచారమే అన్న ముక్క చేరింది. ఇంతమంది ప్రాణాలు ఈయన ఉయ్యూరులో పేక కలుపుతూ కాపాడారన్నమాట. నలుగురూ తలలాడించారు. తుఫాను తర్వాత వచ్చిన ఎండలో అరుగు మీద కూర్చుని వినడానికి అలాంటి కథలు బాగానే ఉంటాయి.

ఇంతలో బందరు నుంచి ఆయన అక్కయ్య సరోజినిగారు దిగింది. ఆవిడ ఇంటి ప్రహరీ గోడ పడిపోయి వీధికి అడ్డంగా ఉందిట. దాన్ని అలాగే వదిలేసి, తమ్ముడి ఇల్లు శుద్ధిగా ఉందో లేదో చూడటానికి వచ్చింది. వరండా కథ విని కూడా ఆవిడ ముక్కు ఊరుకోలేదు. గది గదికీ వెళ్ళి వాసన చూసింది.

“వరండా అయితే మాత్రం, ఇంటి కప్పు కాదుట్రా అది? ఆషాఢం వచ్చే లోపల ఇల్లంతా సున్నాలు వేయించి, పుణ్యాహవచనం చేయించు. నాలుగు విస్తళ్ళు వేసి భోజనాలు పెట్టు,” అంది.

ఇల్లు ఎండలేదని, నానిన గోడ మీద సున్నం నిలవదని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆషాఢం గోడలు ఆరేదాకా ఆగదు కదా. కృష్ణమూర్తిగారు సున్నాలు వేసేవాళ్ళ కోసం ఊరంతా తిరిగారు. ఎవరూ దొరకలేదు. తుఫాను తర్వాత ఊరంతా అదే పని. చివరికి వస్తానన్నది ఒక్కడే, ఏసుపాదం.

ఇదొక చిక్కు. ఆ మనిషి కూర్చున్నాడని కదా గోడలకి సున్నం, ఆ సున్నం ఆ మనిషే వేయడమా? కృష్ణమూర్తిగారు పురోహితుడు నరసింహంగారి దగ్గరికి వెళ్ళారు. నరసింహంగారు ఎవరికి ఏ జవాబు కావాలో ముఖం చూసి చెప్పగల దిట్ట.

“సున్నం అగ్నిలో పుట్టింది కదండీ. అది పట్టుకున్న చేతికి దోషం లేదు. పని పూర్తయ్యాక ఎలాగూ సంప్రోక్షణ ఉంది,” అన్నారు.

అలా తేలింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చి గోడకి ఆనుకుంటే మైల. కుంచె పట్టుకుని వచ్చి అదే గోడను నిమిరితే శుద్ధి. ఏటా బయటి గోడలు దాటనివ్వని మనిషి సున్నం తట్టతో దర్జాగా దేవుడి గదిలోకి పిలిపించబడ్డాడు.

పని వరస కూడా చూడదగ్గదే. ముందు గదికి పెంకులు లేవు, టార్పాలిన్ కట్టి ఉంది. పెచ్చులూడిన గోడలకి పైపైన ఒక్క పూత వేయమన్నారు. అది మర్నాడే పొక్కులు లేచింది. ఏ దెబ్బా తగలని వంటింటికి రెండు పూతలు. దేవుడి గదికి మూడు. కృష్ణమూర్తిగారు గుమ్మం బయట కుర్చీ వేసుకుని, ఆ మూల, ఈ మూల అని వేలెత్తి చూపిస్తూ కూర్చున్నారు. తుఫాను ఎక్కడ తగిలిందో కాదు, మనుషులు ఎక్కడ తగిలారో అక్కడ వేయించారు సున్నం.

ఆయన సంధ్యావందనానికి లేచిన వేళ ఉమామహేశ్వరి మంచినీళ్ళ చెంబుతో వచ్చింది. ఏసుపాదం బల్ల మీద నిలబడి నీలిమందు కలిపిన సున్నం మూలకి పట్టిస్తున్నాడు.

“ఈ మూలకి ఇంకో పూత ఎయ్యమన్నారండి అయ్యగారు. ఆ రోజు మా అమ్మ ఆనుకుని పడుకుంది ఇక్కడేనండి,” అన్నాడు. కోపంగా అనలేదు. ఎండగా ఉందండి అన్నట్టు అన్నాడు.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. మాట మార్చడానికి, “పిల్ల ఎలా ఉంది?” అంది.

“బాగుందండి. గాలి కాస్త గట్టిగా ఏస్తే చాలు, మీ ఇంటి వైపు చెయ్యి చూపిస్తాదండి.”

“ఎక్కడుంటున్నారు?”

“బళ్ళోనండి. సెలవలు కదా. బడి తెరిస్తే ఇంకేదన్నా చూసుకోవాలి.” కుంచె తట్టలో ముంచి నవ్వాడు. “ఊరందరి గోడలకీ సున్నాలేస్తన్నానండి. మా ఇంటికి ఎయ్యాలంటే ముందు గోడంటూ ఒకటి ఉండాలి కదండి.”

ఆవిడ చెంబు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజంతా వంటింట్లో ఏం పట్టుకున్నా చేతికి సున్నం అంటుతున్నట్టే ఉంది. పటాలు అందించిన సంతోషమ్మ చేతుల గురించి ఆలోచించింది. ఆ చేతులు లేకపోతే ఇవాళ శుద్ధి చేయడానికి పటాలే ఉండేవి కావు. తనను చూసి తనకే అసహ్యం వేసింది. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

పుణ్యాహవచనం రోజు రానే వచ్చింది. మామిడాకులతో నీళ్ళు చల్లారు. పంచగవ్యం అందరి నోట్లోనూ పోశారు. పటాలను పాలతో కడిగారు. మధ్యాహ్నానికి వరండాలో విస్తళ్ళు పడ్డాయి. నరసింహంగారు, వీధిలో పెద్దలు కొందరు, వాళ్ళ మధ్య కృష్ణమూర్తిగారు. సరోజినిగారు స్తంభానికి ఆనుకుని పీట మీద కూర్చుని అజమాయిషీ చేస్తోంది. ఉమామహేశ్వరి మడిచీరతో వడ్డిస్తోంది. వాకిట్లో ఏసుపాదం మిగిలిన సున్నం ప్రహరీకి కొడుతున్నాడు. అందరూ తిన్నాక మిగిలింది అతనికి పెరట్లో పెడతారు.

“ఆ రోజు చాలామందిని కాపాడారటగా మీరు,” అన్నారు నరసింహంగారు పప్పు కలుపుకుంటూ. ఆ మాట అంటే తాంబూలం బరువు పెరుగుతుందని ఆయనకి తెలుసు.

కృష్ణమూర్తిగారు వరండా కథ ఎత్తుకున్నారు. ఈసారి దానికి కొత్త తోక ఒకటి తగిలింది.

“పాపం వాళ్ళూ బుద్ధిమంతులేనండీ. లోపలికి రమ్మన్నా రాలేదట. మా హద్దు మాకు తెలుసండీ అన్నారట. వాళ్ళకే ఉంది అంత వివరం.”

“మా తమ్ముడి ఇంట్లో ఆచారం తప్పడం ఎన్నడూ లేదు,” అంది సరోజినిగారు.

విన్నవాళ్ళలో ఎవరో ఔనా అన్నట్టు ముఖం పెట్టారు కాబోలు, కృష్ణమూర్తిగారికి సాక్ష్యం చూపించాలనిపించింది. వాకిట్లోకి కేకేశారు.

“ఒరే ఏసుపాదం. ఆ రోజు మీరంతా వరండాలోనేగా ఉన్నది?”

ఏసుపాదం కుంచె దించాడు. వరండా వైపు చూశాడు. నేతిగిన్నె పట్టుకుని నిలబడ్డ ఉమామహేశ్వరి వైపు ఒక్క క్షణం చూశాడు.

“అవునండి అయ్యగారు,” అన్నాడు.

“కాదు,” అంది ఒక గొంతు.

ఎవరన్నారో ముందు ఎవరికీ తెలియలేదు. ఆ గొంతు వాళ్ళెప్పుడూ విన్నది కాదు.

“కాదు. ఈయన నాకేమీ చెప్పి వెళ్ళలేదు. తలుపు నేనే తీశాను. వాళ్ళు దేవుడి గదిలో పడుకున్నారు. ఈ పటాలు సంతోషమ్మ ఎత్తి అటక మీద పెడితేనే మిగిలాయి. పొద్దున్న నా వంటింట్లో తను జావ కాస్తే వాళ్ళతో పాటు కూర్చుని నేనూ తాగాను. ఆ తర్వాత నుంచీ ఈ ఇంట్లో వంట చేస్తున్నది నేనే. ఇవాళ మీకు వండి పెట్టిందీ నేనే.”

నోటి దాకా వెళ్ళిన ముద్ద ఒకటి మళ్ళీ విస్తట్లోకి దిగింది. నరసింహంగారు తన విస్తట్లో పప్పు వైపు, ఆ పక్కనే ఉన్న బొబ్బట్ల వైపు చూసుకున్నారు. లేవాలంటే బొబ్బట్లు, కూర్చోవాలంటే ఆచారం. ఆయన ముఖం చూస్తే జాలి వేసేలా ఉంది.

ముందు తేరుకున్నది కృష్ణమూర్తిగారే. ఏళ్ళ తరబడి ఆఫీసులో తప్పులు ఇంకొకరి మీదికి తోసిన మనిషి కదా. భార్య వైపు చూడనైనా చూడలేదు. మళ్ళీ వాకిట్లోకే చూశారు.

“ఏరా. అమ్మగారు ఏదో అంటోంది. నువ్వు చెప్పు. లోపలికి వచ్చారా మీరు?”

ఉమామహేశ్వరి కూడా అతని వైపే చూసింది. ఆ క్షణంలో ఆవిడకి ఈ వరండా, ఈ విస్తళ్ళు, ఈ మనుషులు ఎవరూ అక్కర్లేదు. ఒక్కడు అవునంటే చాలు. తను చేసిన ఒకే ఒక్క పని జరిగిందని ఒక్కడు ఒప్పుకుంటే చాలు.

ఏసుపాదం సున్నం తట్టలోకి చూస్తూ, “లేదండి. వరండాలోనేనండి. అమ్మగారు ఆ గాలికి బాగా బెదిరిపోయి ఉన్నారండి. సరిగ్గా గుర్తుండదండి,” అన్నాడు.

వరండా అంతా ఊపిరి పీల్చుకుంది.

“అంతేనమ్మా. ప్రాణభయంలో మనసు నిలకడగా ఉండదు. జరగనివి జరిగినట్టే ఉంటాయి,” అని నరసింహంగారు ఓదార్చి, నెయ్యి కోసం చెయ్యి చాపారు. శాంతి చేయించమని సరోజినిగారు తమ్ముడికి సలహా ఇచ్చింది. గోడకి ఆనుకుంటే మూడు పూతల మైల అంటించే మనిషి, అతని మాట మాత్రం ఇంటి ఇల్లాలి మాట కంటే పైన చెల్లింది. తమకి కావలసిన మాట అయినప్పుడు అది ఏ నోటి నుంచి వచ్చిందని ఎవరూ చూడలేదు. బొబ్బట్లు చాలక రెండోసారి అడిగి వేయించుకున్నారు.

అందరూ వెళ్ళాక ఉమామహేశ్వరి పెరట్లోకి వెళ్ళింది. చేతిలో విస్తరి ఉంది. మిగిలినవి కాదు, విడిగా తీసి పెట్టినవి. ఏసుపాదం చేతులు కడుక్కుని చూరు కింద కూర్చున్నాడు. అతని ముందు విస్తరి పెట్టి, అక్కడే నిలబడింది. కళ్ళు మండుతున్నాయి. కోపమో, ఏడుపో ఆవిడకే తెలియదు.

“నన్ను పిచ్చిదాన్ని చేశావు కదా, ఏసుపాదం. నేను నోరు విప్పిందే ఇవాళ. నీ కోసం కూడా కదా విప్పాను. ఎందుకలా చెప్పావు?”

అతను విస్తట్లో అన్నాన్ని ఒక పక్కకి జరిపాడు.

“నాకు మాత్రం బాగుంటదా అండి. మీరు చేసింది కాదని నా నోటితో అనటం.” తల ఎత్తకుండానే అన్నాడు. “కానండి, మేం ఇక్కడే ఉండాలి కదండి. ఆ కాలవ గట్టునే మళ్ళీ పాక ఏసుకోవాలి. ఇయ్యాల ఇంతమందిలో అయ్యగారి పరువు తీసేస్తే, రేపు మళ్ళీ తుఫానొచ్చి, ఆ వేళప్పుడు అయ్యగారు ఇంట్లోనే ఉంటే, ఆ తలుపెవరు తీస్తారండి మాకు?”

నేను తీస్తాను అనబోయింది ఉమామహేశ్వరి. అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో, ఆయన ఇంట్లో ఉండగా ఆవిడ తనంతట తానుగా ఏ తలుపూ తీయలేదు.